కలరాతో పోరాడిన హాఫ్కిన్ మహాశయుడు

గత్తర యనియు, మరిడి యనియు మన పెద్దలు భయముతో పేర్కొనిన వ్యాధియే కలరా. ఉదయమున పొలమునకు పోయిన ఆరోగ్యవంతుడు ప్రొద్దు గ్రుంకునప్పటికి వాంతులతోను భేదులతోను శుష్కించి ప్రాణములు విడుచుట ఒకనాడు అనేక గ్రామములకు అనుభవమే. దిక్కు తోచని ప్రజలు మరిడమ్మకు జాతరలు చేసి రక్షింపుమని వేడుకొనిరి. అట్టి మహామారికి ఎదురు నిలిచి, ముందుగా తన శరీరమునే పరీక్షకు ఒప్పగించిన శాస్త్రజ్ఞుడు వాల్డెమార్ హాఫ్కిన్. ఆయన ఈ కార్యమునకు బాట వేసికొనినది ఒక గ్రంథాలయమున చిరుద్యోగిగా నుండియే యని తెలిసికొనుట గ్రంథాలయాభిమానులకు సంతోషకరము.

హాఫ్కిన్ 1860వ సంవత్సరము మార్చి 15వ తేదీన ఒడెస్సా నగరములో ఒక యూదు కుటుంబమున జన్మించెను. నేడు యుక్రెయిన్ దేశములోనున్న ఆ నగరము నాడు రష్యా సామ్రాజ్యములోనిది. అచ్చటి విశ్వవిద్యాలయమున ఆయన జంతుశాస్త్రము నభ్యసించెను. శరీరమునందలి కొన్ని కణములు రోగక్రిములను మ్రింగివేయునని కనుగొనిన మెచ్నికోవ్ పండితుడు ఆయనకు గురువు. ఆ కాలమున యూదులపై దౌర్జన్యములు పెచ్చు పెరిగెను. తనవారిని కాపాడుటకు ఏర్పడిన దళమున చేరి హాఫ్కిన్ నిర్బంధమునకు గురియయ్యెను. మతము మార్చుకొనినచో పైపదవులకు దారి తెరువబడెడిది. అందుకు ఆయన సమ్మతింపలేదు. 1888లో స్వదేశమును వీడి జెనీవా నగరమునకును, మరుసటి యేట పారిస్ నగరమునకును చేరెను. అచ్చటి పాశ్చర్ పరిశోధనాలయములో నాడు ఆయనకు లభించినది గ్రంథాలయ సహాయకుని పదవి మాత్రమే. ఉద్యోగము పుస్తకములతో, తీరికవేళ సూక్ష్మదర్శినితో, విశ్రాంతి వయొలినుతో. ఇట్లు ఆయన దినములు గడచెను.

కలరాను కలిగించు సూక్ష్మజీవిని జర్మనీ పండితుడగు కోహ్ 1884 నాటికి స్పష్టముగా గుర్తించియుండెను. 1885లో స్పెయిన్ దేశమున ఫెరాన్ అను వైద్యుడు కలరాకు టీకా వేసెను గాని, నాటి పండితులు దానిని విశ్వసింపలేదు. హాఫ్కిన్ రెండు సూదులతో కూడిన పద్ధతిని రూపొందించెను. మొదటిదానిలో బలము తగ్గించిన క్రిములు. కొన్ని దినముల పిమ్మట వేయు రెండవదానిలో బలము పెంచిన క్రిములు. జంతువులలో ఫలితము కనిపించెను. మనుష్యుని సంగతి యేమి? ఆ సందేహమును తీర్చుటకు ఆయన మరియొకరిని వెదకలేదు. 1892 జూలై 18వ తేదీన తన దేహమునకే సూది వేసికొనెను. జ్వరము వచ్చి తగ్గెను. ఆరు దినముల తరువాత రెండవ సూదియు వేసికొని, కుదుటబడెను.

అయినను, కలరా వ్యాపించియున్న చోట పరీక్షించినగాని టీకా విలువ తేలదు. పారిస్‌లో బ్రిటిష్ రాయబారిగా నుండిన డఫరిన్ ప్రభువు పూర్వము భారతదేశమున రాజప్రతినిధిగా పనిచేసినవాడు. ఆయన ప్రోత్సాహముతో హాఫ్కిన్ 1893 మార్చి నెలలో కలకత్తా చేరెను. పరదేశి తమ దేహములలో ఏ విషము నెక్కించునో యని జనులు శంకించిరి. ఆయన భారతీయ వైద్యులను తోడు గొని బస్తీలలో తిరిగి, అందరి యెదుటను ముందు తానే సూది వేయించుకొనెను.

1894 మార్చి నెలాఖరున కలకత్తాలోని కట్టల్ బగాన్ అను బస్తీలో కలరా సోకి ఇరువురు మరణించిరి. అచ్చట నివసించు సుమారు 200 మందిలో 116 మంది టీకా వేయించుకొనిరి. ఆ పిమ్మట పదిమందికి వ్యాధి సోకగా ఏడుగురు కన్ను మూసిరి. ఆ పదిమందియు టీకా వేయించుకొననివారే. ఒకే చోట నుండి, ఒకే నీరు త్రాగిన జనులలో ఇట్టి భేదము కనబడుటచే సందేహించినవారు సైతము ఆలోచనలో పడిరి. రెండేండ్లలో 40,000 మందికి పైగా టీకా వేయబడెను.

సూది వేసి విడిచిపుచ్చుట హాఫ్కిన్ పద్ధతి కాదు. టీకా పొందినవారెవరు, పొందనివారెవరు, ఎవరికెప్పుడు వ్యాధి సోకెనను వివరములను శ్రద్ధతో వ్రాయించెను. కాలము గడచినకొలది రక్షణ సన్నగిల్లుచున్నదని ఆ లెక్కలే తెలిపినవి. ఒకసారి నేర్చిన పాఠమును శరీరము ఎంతకాలము జ్ఞప్తియందుంచుకొనును? ఆ ప్రశ్నకు సమాధానము ఆయన జీవితకాలమున దొరకలేదు.

1896లో బొంబాయి నగరమున ప్లేగు చెలరేగగా ప్రభుత్వము ఆయనను పిలిపించెను. కొలది నెలలలోనే టీకా సిద్ధము చేసి, 1897 జనవరి 10వ తేదీన దానిని సయితము తొలుత తన దేహముననే పరీక్షించుకొనెను. కాని 1902లో పంజాబునందలి మల్కోవాల్ గ్రామమున ప్లేగు టీకా పొందినవారిలో 19 మంది ధనుర్వాతముచే మరణించిరి. వారందరికి ఒకే సీసాలోని మందు వాడబడెను. అపనింద హాఫ్కిన్‌పై పడి, ఆయన పదవికి దూరమయ్యెను. దోషము పరిశోధనాలయములో కాదు, గ్రామమున సీసాను తెరచినప్పుడు జరిగినదని రోనాల్డ్ రాస్ మున్నగు శాస్త్రజ్ఞులు వాదించిరి. 1907లో ఆయన నిర్దోషియని తేలెను. అంతటి యవమానము జరిగినను మరల కలకత్తాకు వచ్చి పనిచేసెను. 1925లో బొంబాయిలోని పరిశోధనాలయమునకు ఆయన పేరు పెట్టబడెను. 1930 అక్టోబరు 26వ తేదీన స్విట్జర్లాండులోని లోజాన్ నగరమున ఆయన పరమపదించెను.

ఆయన విడిచిపోయిన ప్రశ్నకు తరువాతి తరములవారు సమాధానము వెదకిరి. సూదిమందు ఇచ్చు రక్షణ అసంపూర్ణమనియు, కొలది నెలలే నిలుచుననియు తేలుటచే, 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రయాణికులకు కలరా టీకా పత్రము అవసరము లేదని నిర్ణయించెను. కారణము సుబోధకమే. కలరా క్రిమి రక్తములో ప్రవేశింపదు. చిన్నప్రేగుల లోపలి పొరను అంటిపెట్టుకొని అచ్చటనే విషమును వెలువరించును. సూదిమందు ముఖ్యముగా రక్తములోనే ప్రతిరక్షకములను పుట్టించును. దొంగ చెరువుగట్టున తిరుగుచుండగా కావలివానిని ఇంటిలో కూర్చుండబెట్టినట్లాయెను.

కావున చంపిన క్రిములను నోటి ద్వారా త్రాగించు టీకాలు వచ్చినవి. మందు ప్రేగులకు చేరగనే అచ్చటి రక్షణ కణములు దానిని పరిచయము చేసికొని ప్రతిరక్షకములను తయారుచేయును. కొన్ని నెలలకు ఆ ప్రతిరక్షకములు తగ్గిపోవును. అయినను, శత్రువును గుర్తెరిగిన జ్ఞాపకకణములు కొన్ని మిగిలియుండును. అదే క్రిమి మరల వచ్చినప్పుడు అవి వేగముగా వృద్ధి చెంది ప్రతిరక్షకములను పుట్టించును.

ఈ టీకాకు పెద్ద పరీక్ష 2006లో హాఫ్కిన్ శ్రమించిన కలకత్తాలోనే, అనగా నేటి కోల్‌కతాలోనే, ప్రారంభమయ్యెను. సుమారు 67,000 మంది పాల్గొనగా సగముమందికి టీకా, తక్కినవారికి టీకా గాని ద్రావకము ఇయ్యబడెను. రెండు మోతాదులు పొందినవారిలో ఐదేండ్ల కాలమున కలరా నూటికి 65 పాళ్లు తగ్గెను. ఐదేండ్ల లోపు శిశువులలో మాత్రము రక్షణ నూటికి 42 పాళ్లే. ఆ మందును 2009 మొదలు కొన్ని యేండ్లు హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ తయారుచేసెను. అది ఇతరదేశముల ప్రజలకును ఉపయోగపడినదని తెలుగువారు గర్వింపవచ్చును.

టీకా యొక్కటియే చాలదు. పరిశుభ్రమైన నీరు, మరుగుదొడ్లు లేనిచోట కలరా మరల తల యెత్తును. హాఫ్కిన్ కాలముననే ఈ జ్ఞాపకరహస్యము తెలిసియుండినచో ఎన్ని ప్రాణములు నిలిచెడివో! అయినను, మనుష్యుని దేహమునకు కలరాను ఎదుర్కొను పాఠము నేర్పవచ్చునని నమ్మి, అందుకు తన ప్రాణమునే పణముగా నొడ్డిన ఆ మహాశయుని పేరు చిరస్మరణీయము.