డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు – బోదకాలు మాత్ర

గోదావరి జిల్లాల నుండి వచ్చి కృష్ణగిరి, హోసూరులలో కాపురముంటున్న మన కుటుంబాలలో బోదకాలు మాట విననివారు అరుదు. భీమవరం, నర్సాపురం, పాలకొల్లు వైపు పుట్టి పెరిగినవారికి, తమ వీధిలోనో బంధువులలోనో, కాలు స్తంభంవలె వాచిపోయిన ఒక పెద్దమ్మ గాని, వరిబీజంతో నలుగురిలోకి రాలేక ఇంటిపట్టునే ఉండిపోయిన ఒక పెద్దాయన గాని జ్ఞాపకం వస్తారు. ఆ జబ్బుకు ఈనాటికీ ప్రభుత్వంవారు ఊరూరా పంచుతున్న మాత్ర పుట్టుకకు కారకులైనవారు ఆ భీమవరంలోనే జన్మించిన ఒక తెలుగు డాక్టరుగారు. మాత్ర తెలిసినంతగా వారి పేరు మనవారికి తెలియదు. ఈ ఉగాది సంచికలో వారి చరిత్రను నాకు చేతనైనంతవరకు వ్రాస్తున్నాను.

శ్రీ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరం జనవరి 12వ తేదీన జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రిగారు అనారోగ్యంవల్ల ఉద్యోగం ముందుగానే మానుకొన్నారు. ఇల్లు గడవడం కష్టమైనది. కుర్రవానికి చదువు పట్టుబడలేదు. పదమూడవ ఏట కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదిద్దామని ఇల్లు విడిచి బయలుదేరగా, దారిలోనే పట్టుకొని తీసుకువచ్చారు. తల్లిగారు పట్టుదల గల మనిషి. రాజమహేంద్రవరంలో చదివించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పింది. చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుండి మూడవసారి నెగ్గారు. మెట్రిక్‌తో చదువు ముగించి రైల్వే గుమస్తా పనిలో చేరిన నావంటివానికి, ఈయన జీవితంలో అన్నిటికంటె దగ్గరగా తోచే ఘట్టం ఇదే!

తరువాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియేట్ పూర్తి చేశారు. రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకొందామనుకొంటే తల్లిగారు అనుమతించలేదు. వైద్యం చదివి రోగులకు సేవ చేయవచ్చునన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువుకు స్నేహితులూ, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారూ సహాయం చేశారు. ఆ మూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని 1919లో వివాహమాడారు.

అవి గాంధీమహాత్ముని పిలుపుపై విదేశీవస్త్రాలు మానుతున్న రోజులు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు కోటుతో వెళ్లారు. ఆంగ్లేయుడైన ప్రొఫెసరుగారికి కోపం వచ్చినది. వ్రాతపరీక్షలలో బాగుగా వ్రాసినప్పటికీ ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. దానికి తక్కువైన ఎల్.ఎం.ఎస్. మాత్రం చేతికిచ్చారు. ఖద్దరు కోటు ఖరీదు ఆ విధంగా చెల్లించవలసి వచ్చినది.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బు ఒకటి ఉన్నది. పేగులు ఆహారసారాన్ని పీల్చుకోలేక, విరేచనాలు పట్టి, రక్తం క్షీణించి మనిషి కృశించిపోతాడు. దానివల్ల ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో మరణించారు. తనకూ ఆ జబ్బు వచ్చినది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో తాను బయటపడ్డారు. ఆ కృతజ్ఞతతో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు. కాని సోదరులను కాపాడలేని వైద్యం తనకెందుకన్న చింత వదలలేదనిపిస్తుంది. అటుపైన ఆయన చేసిన పనులను వరుసగా చూస్తే ఎవరికైనా అట్లే తోచకమానదు.

కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్‌గారి ధర్మనిధి, మామగారు ధనసహాయం చేయగా, 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరుకొన్నారు. ఇంటివద్ద భార్య గర్భవతి. పుట్టిన మగబిడ్డ ఏడాది నిండకుండానే పోయినాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు.

హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదువుతూ, పొట్టగడుపుకొనుటకు ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రపాత్రలు కడిగే పనిలో కుదిరారు. డాక్టరు పట్టా పొందిన బ్రాహ్మణ యువకుడు, ఊరుకాని ఊరిలో ఆ పని చేసి చదువుకొన్నాడు. తరువాత సైరస్ ఫిస్కేగారి ప్రయోగశాలలో చేరి, రక్తంలోను మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని 1925లో కనిపెట్టారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని రసాయనశాస్త్ర విద్యార్థులు నేటికీ చదువుతారు. కండరాలు పనిచేయుటకు కావలసిన శక్తి ఎక్కడినుండి వస్తుందో తెలుపు ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలు కూడ అక్కడే వెలికివచ్చినవి. 1930లో పిహెచ్.డి. వచ్చినది గాని స్థిరమైన ప్రొఫెసరు ఉద్యోగం రాలేదు. 1940లో హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనేచోట గల లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లారు. రెండేళ్లలో పరిశోధన విభాగానికి డైరెక్టరయ్యారు.

లెడర్లీలో గడిచినవి ఎనిమిదేళ్లే. ఆ ఎనిమిదేళ్ల పనిని తలచుకొంటే ఆశ్చర్యం కలుగుతుంది. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. స్ప్రూ రోగులకు వచ్చే రక్తహీనతకు అది పనిచేసినది. సోదరులను బలిగొన్న జబ్బుకు ఇరవై ఏళ్లు దాటిన తరువాత మందు చిక్కినది. ఈనాడు గర్భిణీ స్త్రీలకు ఆసుపత్రిలో ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. దానికి ఎదురు పనిచేసే పదార్థాలను కూడ ఆయన బృందంవారు చేసి ఇవ్వగా, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌గారు వాటిలో అమినాప్టెరిన్ అనేదానిని రక్తక్యాన్సరు పిల్లలకు వాడి, 1948లో మొదటిసారిగా ఆ జబ్బును కొంతకాలం అణచగలిగారు. అదే కోవలోని మెథోట్రెక్సేట్‌ను నేడు చిన్న మోతాదులో కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు కూడ ఇస్తున్నారు. ఒకందుకు చేసిన మందు మరొకందుకు పనికివచ్చుట వైద్యంలో తరచు జరిగేదే. బోదకాలు మాత్ర కథలోనూ ఇటువంటిదే ఉన్నది.

రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులలో పోరాడిన అమెరికా సైనికులకు వేలసంఖ్యలో ఫైలేరియా సోకినది. మన తీరప్రాంతాలలో ఎన్నో తరాలుగా ఉన్న జబ్బు సైనికులకు వచ్చేసరికి మందుకోసం వెతుకులాట ప్రారంభమైనది. అంతవరకు ఆర్సెనిక్, ఆంటిమొని కలిసిన విషపు మందులే దిక్కు. లెడర్లీలో హెవిట్, కుష్నర్ మొదలైనవారు సుబ్బారావుగారి నాయకత్వాన పత్తి ఎలుకలలో ఉండే ఒకరకం ఫైలేరియా పురుగుపై ఎన్నో రసాయనాలను పరీక్షించారు. వాటిలో పిపరజీన్ అనేదాని కుటుంబం ఒకటి. పిపరజీన్ కొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివరిలో గౌట్ అనే కీళ్లజబ్బుకని అమ్మి, పనిచేయక మూలపడిన పాత మందు. దాని మూలరూపానికి మార్పులు చేయగా వచ్చిన డైఇథైల్‌కార్బమజీన్ ఎలుకలలోను, కుక్కలలోను రక్తంలోని పిల్లపురుగులను తుడిచిపెట్టినది. 1947లో పోర్టోరికో దీవిలో మనుషులకు ఇచ్చి చూడగా అక్కడా పనిచేసినది. దానికి హెట్రజాన్ అని పేరు పెట్టారు. మనవైపు డాక్టర్లు ఈసినోఫిలియా దగ్గుకు వ్రాసే మాత్ర కూడ ఇదే!

ఇందులో ఒక వింత గలదు. గాజుగొట్టంలో పురుగులపై పోస్తే ఈ మందు ఏమంత పనిచేయదు. మనిషి శరీరంలోపల, శరీరరక్షణ శక్తితో కలిసి పనిచేసి, పిల్లపురుగులను రక్తంనుండి ఏరివేస్తుంది. గొట్టంలో మాత్రమే పరీక్షించి ఉంటే అది చెత్తబుట్టలోకి పోయేది. జంతువులలో పరీక్షించడంవల్లనే అది మనకు దక్కినది.

1948 ఆగస్టులో సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. వయస్సు 53 ఏళ్లు. స్వదేశానికి తిరిగి రాలేదు. అమెరికాలో భారతీయులు పౌరసత్వం పొందే వీలు 1946లో వచ్చినా ఆయన అమెరికన్ కాలేదు. శేషగిరిగారు 1922 తరువాత భర్తను మరల చూడలేదు. ఆయన గొప్పతనం వ్రాసేవారు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటిపోతారు. నాకు మాత్రం అంత తేలికగా దాటుటకు మనసొప్పదు. దూరదేశంలో ఉద్యోగం చేసే ఇంటివారికి దాని బరువు తెలుస్తుంది.

మందు దొరికినా జబ్బు పోలేదు. 1955లో మనదేశంలో ఫైలేరియా నివారణ పథకం ప్రారంభమైనప్పుడు ఊరందరికీ మాత్రలు పంచి చూశారు. వేసుకొన్నవారిలో కొందరికి జ్వరం, తలనొప్పి వచ్చినవి. ఒంట్లో పురుగులున్నవారిలో అవి చచ్చేటప్పుడు వచ్చే జ్వరమది. మందు చెడ్డదని జనం భయపడి తిప్పికొట్టారు. చైనావారు ఈ మందును ఉప్పులో కలిపి వంటతోపాటే తినిపించి, 2007 నాటికి జబ్బును వదిలించుకొన్నారు. మనవారు 2004 నుండి ఏడాదికి ఒక్కమారు మాత్ర మింగించే పద్ధతి దేశమంతటా పెట్టారు. తరువాత ఆల్బెండజోల్ మాత్రను జతచేశారు. 2018 నుండి కొన్ని జిల్లాలలో పశువుల పురుగులకు పుట్టిన ఐవర్‌మెక్టిన్‌ను కూడ కలిపి మూడు మందులూ ఒకేసారి ఇస్తున్నారు.

వాచిన కాలు మాత్రతో పూర్వంవలె కాదు. కాని పిల్లపురుగులు రక్తంలో లేకుంటే దోమకుట్టు ద్వారా పక్కింటివారికి పాకదు. జబ్బు ఉన్నవారూ లేనివారూ అందరూ వేసుకోవలెననుటకు కారణమిదే. పదిహేనేళ్లు దాటినవారికి 100 మిల్లీగ్రాముల మాత్రలు మూడు. ఆరు నుండి పద్నాలుగేళ్లవారికి రెండు, రెండు నుండి ఐదేళ్లవారికి ఒకటి. రెండేళ్లు నిండని బిడ్డలకు, గర్భిణులకు, జబ్బుతో మంచంపట్టినవారికి ఇవ్వరు. ఖాళీకడుపున వేసుకోరాదు. పంచే మనిషి ఎదుటనే మింగవలెనని నియమం. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు మాత్రలిచ్చే అమ్మాయి మన ఇంటి గుమ్మంలో నిలబడి, చెంబుతో నీళ్లు అడిగేది అందుకే.