డిగ్రీ లేదు.. నోట్‌బుక్ ఉంది!

రెజ్యూమె రాద్దామని కూర్చుంటారు. గూగుల్ డాక్స్‌లో మంచి టెంప్లేట్ దొరుకుతుంది. పేరు, ఫోన్ నంబరు చకచకా నింపేస్తారు. ‘విద్యార్హతలు’ దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. బ్యాక్‌లాగ్‌లున్నాయి, మార్కులు తక్కువ.. ఏం రాయాలి? వందేళ్ల కిందట శ్రీనివాస రామానుజన్‌కూ ఇదే చిక్కు వచ్చింది.

లెక్కల్లో ఫస్ట్.. పరీక్షల్లో ఫెయిల్

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో పుట్టారు, కుంభకోణంలో పెరిగారు. స్కూల్లో మెరిట్ స్టూడెంటే. కాలేజీలో చేరాక మాత్రం లెక్కలు తప్ప మరో సబ్జెక్టు ముట్టుకోలేదు. స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయారు. తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరినా, ఇప్పటి ఇంటర్ లాంటి ఎఫ్ఏ గట్టెక్కలేదు. 1909లో పెళ్లయింది. ఇక ఏదో ఒక ఉద్యోగం చూసుకోక తప్పలేదు.

చూపించింది పనినే

1910లో గుమాస్తా ఉద్యోగం అడగడానికి డిప్యూటీ కలెక్టర్ వి.రామస్వామి అయ్యర్ దగ్గరకు వెళ్లారు. ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీని స్థాపించింది ఆయనే. రామానుజన్ తన ఫలితాలు రాసుకున్న నోట్‌బుక్ ఆయన ముందుంచారు. అది చూసిన అయ్యర్, మద్రాసులోని లెక్కల మిత్రులకు పరిచయ లేఖలిచ్చారు. అలా ఒకరి ద్వారా ఒకరికి తెలిసి, విషయం అప్పటి నెల్లూరు కలెక్టర్ ఆర్.రామచంద్రరావు దాకా వెళ్లింది. ఆయన కొంతకాలం నెలకు రూ.25 సాయం చేశారు. 1911లో సొసైటీ జర్నల్‌లో రామానుజన్ తొలి పరిశోధన పత్రం అచ్చయింది.

మనిషి ఒక్కరే.. దరఖాస్తులు రెండు

1912 ఫిబ్రవరిలో మద్రాస్ పోర్ట్ ట్రస్ట్‌కు దరఖాస్తు పెట్టారు. మెట్రిక్ పాసయ్యానని, ఎఫ్ఏ వరకు చదివి ఆపేయాల్సి వచ్చిందని దాచకుండా రాశారు. లెక్కల మీద తన కృషినీ చెప్పారు. ప్రెసిడెన్సీ కాలేజీ ప్రొఫెసర్ సిఫార్సు లేఖ జతచేశారు. నెలకు రూ.30 జీతంతో గుమాస్తాగా తీసుకున్నారు.

1913 జనవరి 16న కేంబ్రిడ్జి ప్రొఫెసర్ జి.హెచ్.హార్డీకి రాసిన ఉత్తరం తీరే వేరు. పోర్ట్ ట్రస్ట్ గుమాస్తానని, యూనివర్సిటీ చదువు లేదని మొదట్లోనే చెప్పేసి, సుమారు 120 సిద్ధాంతాలు పంపారు. అంతకుముందు రాసిన ఇద్దరు ఇంగ్లిష్ గణితవేత్తల నుంచి ప్రోత్సాహం రాలేదు. హార్డీ మాత్రం సహచరుడు లిటిల్‌వుడ్‌తో కూర్చుని పరిశీలించారు. నిరూపణలు కూడా పంపమని జవాబిచ్చారు.

ఆ ఏడాదే మద్రాసు యూనివర్సిటీ నెలకు రూ.75 పరిశోధన స్కాలర్‌షిప్ ఇచ్చింది. 1914లో కేంబ్రిడ్జి ప్రయాణం. పరీక్షల్లో అందని డిగ్రీ 1916లో పరిశోధన మీద వచ్చింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఆరోగ్యం దెబ్బతిని 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్లకే కన్నుమూశారు.

మరి మీ నోట్‌బుక్ ఏది?

అందరం రామానుజన్‌లం కాలేం. కానీ ఆ పద్ధతి అందరికీ పనికొస్తుంది.

- చేసిన పని చూపించండి. కోడ్ రాస్తే గిట్‌హబ్‌లో, డిజైన్లు, రాతలైతే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, లింకు రెజ్యూమె పైభాగంలోనే ఇవ్వండి. లింకు తెరుచుకుంటోందో లేదో వేరే ఫోన్‌లో చూసుకోండి.
- ఒకే రెజ్యూమె అందరికీ పంపకండి. కంపెనీ వెబ్‌సైట్‌లోని ప్రకటన చదివి, వాళ్లు అడిగిన నైపుణ్యాల్లో మీకు నిజంగా వచ్చినవి ముందుకు తెండి.
- ఫెయిలైన సంగతి దాచొద్దు. ఒక్క లైన్‌లో చెప్పి, ఆ తర్వాత ఏం నేర్చుకున్నారో రాయండి.
- హార్డీ నిరూపణలు అడిగినట్టే ఇంటర్వ్యూలో ‘ఎలా చేశావ్?’ అంటారు. నెట్‌లో కాపీ కొట్టిన ప్రాజెక్టు అక్కడే దొరికిపోతుంది.
- వివరాలు సరిచూసుకోండి. హార్డీకి రాసిన ఉత్తరంలో రామానుజన్ తన వయసు సుమారు 23 అన్నారు. అప్పటికే 25 నిండాయి. ఇప్పుడైతే సర్టిఫికెట్ల పరిశీలనలో అదే పెద్ద తలనొప్పి.

టెంప్లేట్ కవరు లాంటిది. లోపల పెట్టాల్సింది మీ పనే. ఈ వారం ఒక చిన్న ప్రాజెక్టు పూర్తిచేయండి, రెజ్యూమె ఆ తర్వాత రాయండి.