నేలకు జానెడు ఎత్తున చలి: ఎల్.ఎ. రాందాస్
పాలక్కాడ్‌లో 1900లో పుట్టిన రాందాస్, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసి వాతావరణ శాఖలో చేరారు. దేశంలో వ్యవసాయ వాతావరణ శాస్త్రానికి పునాది వేసింది ఆయనే.

రాత్రిపూట వేడిని ఆకాశంలోకి వదిలేసే నేలే అన్నిటికన్నా చల్లబడాలి. పుస్తకాల లెక్క అది. 1932లో ఆయన, ఎస్. ఆత్మనాథన్ పుణె సహా పలుచోట్ల మబ్బూ గాలీ లేని రాత్రుల్లో కొలిస్తే, అతి తక్కువ ఉష్ణోగ్రత నేలమీద కాదు, జానెడు నుంచి మూరెడు ఎత్తున తేలింది. కొలతలో పొరపాటన్నారు చాలామంది. లెక్కకు కుదరలేదని రాందాస్ కొలతను వదులుకోలేదు. మొండితనమే అనుకోండి.

1979లో ఆయన పోయారు. నేలను ఆనుకున్న గాలి కూడా నేరుగా ఆకాశంలోకి వేడిని కోల్పోతుందన్న పద్దును కలిపి, రొద్దం నరసింహ బృందం 1993లో వివరణ ఇచ్చింది. ఆ తర్వాత ధూళికణాల వాటా ఎంతన్న చర్చ సాగింది.