బిషప్ అజరయ్యగారు – సంఘైక్యత

సంఘముల ఐక్యతను గూర్చి మనము మాటాడునప్పుడెల్ల తలంచుకొనవలసిన పేరు వేదనాయగం సామ్యూల్ అజరయ్యగారిది. మన తెలుగువారు తమవారిగా చెప్పుకొను ఈ దైవజనులు నిజమునకు తమిళులు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెల్లాళన్‌విళైలో ఒక గురువుగారి ఇంట జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని పట్టా పుచ్చుకొనలేదు. 1895లో వై.యం.సి.ఏ. కార్యదర్శియైరి. 1903లో తిరునెల్వేలి విశ్వాసులు తమ సొంత కానుకలతో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించినప్పుడు వారికి ముందు నిలిచిరి. ఆ సొసైటీ పనిచేయుచున్న డోర్నకల్ నాడు నైజాము రాజ్యములోనిది. ఇతరులను పంపి తాము ఇంట నుండుట వారికి సరిపడలేదు. 1909లో గురువుగా అభిషేకము పొంది, తెలుగు నేర్చి, తామే వచ్చిరి. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కథీడ్రల్‌లో బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవినెక్కిన మొదటి భారతీయులు వారే.

1910 ఎడింబరో మహాసభలో వారు చేసిన ప్రసంగమును వేదాంత కళాశాలలో మేమందరము చదివితిమి. దొరలు దేశీయ సేవకులకు స్నేహితులు కావలెనని నిర్భయముగా అడిగిన ప్రసంగమది. అయితే మా మట్టుకు మాకు అంతకంటె పెద్ద పనిగా తోచునది తరంగంబాడిలో జరిగినది.

నాటి స్థితిని కొంచెము ఊహించుకొనవలెను. మిషనులు తాలూకాల చొప్పున పొలము పంచుకొనినవి. ఏ మిషను ముందుగా వచ్చెనో ఆ ఊరివారు ఆ శాఖవారైరి. ఇంగ్లండులో ఎన్నడో పుట్టిన తగవులు మన మాలపల్లెకు, మాదిగపల్లెకు సంక్రమించినవి. కూలికై ఏరు దాటి వెళ్లిన విశ్వాసి అక్కడి ప్రభువు బల్లయొద్ద పరాయివాడగుచుండెను. క్రైస్తవ దేశములలో విభజన బలహీనత కావచ్చును గాని, సువార్త క్రొత్తగా వినుచున్నచోట అది పాపమని అజరయ్యగారి నమ్మకము. 1927లో లాసాన్ మహాసభలోను ఈ మాటనే గట్టిగా వినిపించిరి.

1919 మే 1, 2 తేదీలలో, 1706లో జీగన్‌బల్గ్‌గారు దిగిన ఆ తరంగంబాడిలోనే, 33 మంది కూడుకొనిరి. ఇద్దరు తప్ప అందరును మన దేశీయులే. పిలిచినవారిలో ముఖ్యులు అజరయ్యగారును, దక్షిణ ఇండియా ఐక్య సంఘపు సంతియాగోగారును. పరిశుద్ధ లేఖనములు, రెండు విశ్వాస ప్రమాణములు, రెండు సంస్కారములు, బిషప్పుల పరంపర పునాదిగా ఏకము కావచ్చునని ప్రకటించిరి. చిక్కంతయు ఆ నాల్గవదానియందే. బిషప్పు చేతులుంచని గురువు గురువేనా? ఈ ఒక్క ప్రశ్న చుట్టు ఇరువది యెనిమిదేండ్లు సంభాషణలు తిరిగెను. తుదకు ఉన్న గురువులనందరిని ఉన్నట్లే అంగీకరించి, ఇకమీదట బిషప్పులే అభిషేకింతురని తీర్మానించిరి. బిషప్పై యుండియు అజరయ్యగారు ఈ ఏర్పాటుకై పాటుపడుట చిన్న సంగతి కాదు. వారి శాఖలోనే దీనిని ఒప్పనివారు అనేకులు.

1939 జనవరి 6న డోర్నకల్ కథీడ్రల్ ప్రతిష్ఠింపబడెను. గుడి స్తంభములు, మసీదు గుమ్మటములు దానిలో చూడవచ్చును. 1945 జనవరి 1న వారు అక్కడనే ప్రభువునందు నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. వారు ఎంత కోరిన దినము! చూడలేకపోయిరి.

వారి మండలములోనే నంద్యాల ప్రాంతపు విశ్వాసులనేకులు ఆనాడు చేరలేదు. ఏండ్లు గడచినపిమ్మటనే వచ్చిరి. లూథరన్, బాప్తిస్టు సహోదరులు నేటికిని వేరుగానే యున్నారు. మేము సేవచేసిన ఒక పట్టణములో ఈస్టరు వేకువను అన్ని సంఘములవారము ఒకే మైదానములో కూడి పాడుకొందుము. తెల్లవారగానే, బల్లకు మాత్రము, ఎవరి గుడికి వారము వెళ్లుదుము.