స్మిర్నా రేవులో ఒక బక్కమనిషి

అది 1922 సెప్టెంబరు. మనదేశంలో ఖిలాఫత్ రోజులు. యుద్ధంలో గెలిచిన తురుష్క సైన్యం స్మిర్నా చేరింది. నాలుగు రోజులకే నగరం అంటుకుంది. లక్షలాది గ్రీకు, ఆర్మీనియా జనం వెనక మంటలు, ముందు సముద్రంగా రేవులో చిక్కుకున్నారు.

అక్కడ ఏసా జెన్నింగ్స్ అనే అమెరికా పాదిరీ వుండేవాడు. క్షయరోగంతో గూనిపడ్డ పొట్టిమనిషి. చేతిలో ఏ అధికారమూ లేదు. అయినా ముస్తఫా కమాల్ అనుమతి సంపాదించి, మిటిలీనీలో వూరికే నిలిచివున్న గ్రీకు ఓడలకోసం ఏథెన్సుకు తంతిమీద తంతి కొట్టాడు. ఓడలొచ్చాయి. గడువులోగా రెండు లక్షలమందికి పైగా ఒడ్డున పడ్డారు. పడుచు మగవాళ్లను మాత్రం సైన్యం ఆపేసింది.

తర్వాత ఆయన తురుష్క పిల్లల మేలుకోసమూ పాటుపడి, 1933లో పోయాడు. గ్రీసులో స్థిరపడ్డ శరణార్థుల సంతతి ఆయన్ని మరువలేదు. సోదరులారా, ఆపదలో వున్నవాడి మతం అడక్కుండా చెయ్యందించడమే సేవ.