గల్లీ ఇడిసినా యాది ఇడ్వదు

మా బస్తీల జైలుకు పొయ్యొచ్చిన పోరన్ని చూసి జనం ఏమంటరో నాకెరుకే. వాడు మారడని ముందే తీర్పు జెప్తరు. అసొంటప్పుడల్లా నాకు మాల్కం ఎక్స్ యాదికొస్తడు. నేను కాలేజీ మెట్లెక్కినోన్ని కాదు, దొరికిన పుస్తకమల్లా సదివి ఇంత నేర్చుకున్న. అందుకే ఆయన నాకు ఇంటి మనిషి లెక్క.

1925ల అమెరికాల ఒమాహా పట్నంల పుట్టిండు. ఇంటిపేరు లిటిల్. ఆరేండ్లప్పుడు నాయన ట్రాం బండి కింద పడి సచ్చిపోయిండు. తెల్లోళ్లే సంపిండ్రని నల్లోళ్లు అనుకున్నరు. పిల్లల్ని సాకలేక తల్లి లూయీస్ మనసు చెదిరింది. 1939ల ఆమెను మానసిక దవఖానల ఏసి, పిల్లల్ని తలా ఒక దిక్కు పంపిండ్రు. క్లాసుల ముందుండే ఆ పోరడు వకీలునైతనంటే, నల్లోనికి అది కుదరదు, వడ్లపని నేర్చుకోమన్నడు సారు.

గా మాటకు సదువు మీద మనసిరిగింది. బోస్టన్ల బూట్లు తుడిచిండు, రైళ్లల్ల పనిచేసిండు. హార్లెం గల్లీలల్ల గంజాయి అమ్మిండు. ఆఖరికి ఇండ్లల్ల దొంగతనాల కేసుల 1946ల జైలుకు పోయిండు. అప్పటికి ఇరవయ్యేండ్లే.

జైలే ఆయన్ని మార్చిందంటరు చానమంది. నేనొప్ప. జైలు మస్తుమంది చూసిండ్రు, అందరు మాల్కంలు కాలే. అక్క ఎల్లా ఎంటపడి, మంచి లైబ్రరీ ఉన్న నార్‌ఫోక్ జైలుకు మార్పిచ్చింది. అన్నదమ్ములు జాబులు రాసుడు ఇడ్వలే. ఆయన డిక్షనరీని పేజీ ఎనక పేజీ ఎత్తి రాసుకున్నడు. దీపాలార్పినంక బయటి సన్నటి ఎలుతుర్ల సదివి కండ్లు పాడుచేసుకున్నడు. 1952ల బయటికొస్తే అన్న విల్‌ఫ్రెడ్ డెట్రాయిట్ల నీడిచ్చిండు, ఫర్నిచర్ దుకాణంల పనిప్పిచ్చిండు. అప్పుడాయన కొనుక్కున్నయి కండ్లద్దాలు, సూట్‌కేసు, చేతిగడియారం. బానిసల యజమాని ఇచ్చిన ఇంటిపేరు తీసేసి ఎక్స్ పెట్టుకున్నడు.

మరి గతం పోయిందా? దొంగతనాల సంగతి సభలల్ల దాసకుండ జెప్పిండు. తల్లి సంగతి మాత్రం ఏండ్లకేండ్లు గుండెలనే తాళమేసి పెట్టుకున్నడు. ఆమె 24 ఏండ్లు దవఖానలనే ఉండి 1963ల బయటికొచ్చింది. గల్లీని ఇడిసినంత తేలిక కాదు గా దుఃఖాన్ని ఇడ్సుడు.

1964ల తనను నిలబెట్టిన నేషన్ ఆఫ్ ఇస్లాంనే ఇడిసి మక్కా పోయిండు. తెల్లోళ్లంత సైతాన్లేనన్న తన పాతమాట తప్పని ఒప్పుకున్నడు. మారుడంటే ఒక్కపారితోని ఒడిసేది కాదు. 1965 ఫిబ్రవరి 21న న్యూయార్క్ సభల కాల్చి సంపిండ్రు. 39 ఏండ్లు.

మన పోరగాళ్లను మారలేదని తిట్టేముందు జర ఆలోచన జేయుండ్రి. ఎంటపడే అక్క, ఇడ్వకుండ వచ్చే జాబు, చేతికందే పుస్తకం, బయటికొచ్చిన్నాడు ఒక పని. ఇండ్ల మనమేమిచ్చినం?