డ్యూక్ ఎలింగ్టన్

అమెరికాలోని నల్లజాతి ప్రజలు లోకమున కొసగిన సంగీతము జాజ్. ఇందు ముందుగా కూర్చిన స్వరములతోపాటు వాద్యకారుడు అప్పటికప్పుడు తన మనోధర్మముచే కల్పించు స్వరములకును చోటు గలదు. మన కచేరీలలోని కల్పనస్వరముల నెరిగినవారికి ఈ పద్ధతి సులభముగ బోధపడును.

ఈ సంగీతమున మేటియైన డ్యూక్ ఎలింగ్టన్ 1899వ సంవత్సరము ఏప్రిల్ 29వ తేదీన వాషింగ్టన్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎడ్వర్డ్ కెనడీ ఎలింగ్టన్. వేషభాషలలోని హుందాతనమును చూచి బాల్యమిత్రుడొకడు ప్రభువు అను అర్థమున డ్యూక్ అని పిలువగా, ఆ పేరే స్థిరపడెను. బాల్యముననే అతడు పియానో నేర్చెను. 1927లో న్యూయార్కులోని కాటన్ క్లబ్బున అతని వాద్యమేళమునకు కొలువు కుదిరెను. అచట వాయించువారు నల్లవారు. కూర్చుండి వినుటకు మాత్రము తెల్లవారికే అనుమతి. ఆ అవమానమును దిగమ్రింగి, రేడియో ద్వారా తన సంగీతమును దేశమంతటికి వినిపించి, అతడు కీర్తి గాంచెను.

1938 డిసెంబరులో పిట్స్‌బర్గు నగరమున బిల్లీ స్ట్రేహార్న్ అను యువకుడు అతనిని కలిసికొనెను. మందుల దుకాణమున పనిచేసి జీవించుచుండిన ఆ 23 ఏండ్ల యువకుని ప్రతిభను ఎలింగ్టన్ వెంటనే గుర్తించెను. న్యూయార్కులో తన యింటికి వచ్చుటకు ఎలింగ్టన్ తెలిపిన దారి గుర్తులనుండియే స్ట్రేహార్న్ ‘టేక్ ది ఎ ట్రైన్’ అను పాటను రచించెను. ఆ మేళమునకు అది గుర్తింపు గీతమయ్యెను. ఒకరు మొదలిడిన రచనను మరియొకరు పూర్తిచేయుచు వారు కలిసి పనిచేసిరి. కొన్ని రచనలలో ఏ భాగము ఎవరిదో పోల్చుటయే కష్టము. అయినను వేదికపై నిలిచిన ఎలింగ్టన్ పేరు మ్రోగినంతగా తెరవెనుక కూర్చుండి వ్రాసిన స్ట్రేహార్న్ పేరు మ్రోగలేదు.

1963లో వారిరువురును మేళముతో భారతదేశమునకు వచ్చిరి. ఢిల్లీలో వినిన గోరువంక కూత ఆధారముగ ఒక రచనయు, ఆగ్రా పేరిట ఒక రచనయు వెలసినవి. ఈ రెండును 1966లో రికార్డు చేసిన ‘ది ఫార్ ఈస్ట్ సూట్’ అను ఆల్బమున గలవు.

1967 మే 31వ తేదీన, 51 ఏండ్ల వయస్సున, స్ట్రేహార్న్ క్యాన్సరు వ్యాధితో మరణించెను. అప్పటికి ఎలింగ్టన్ వయస్సు 68. ఆ దుఃఖములో అతడు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఆగస్టు నెలలోనే మేళమును స్టూడియోకు చేర్చి, మిత్రుని రచనలతో ఒక ఆల్బము ప్రారంభించి, నవంబరునాటికి పూర్తిచేసెను. దానికి ‘అండ్ హిజ్ మదర్ కాల్డ్ హిమ్ బిల్’ అని పేరిడెను. అతని తల్లి అతనిని బిల్ అని పిలిచెడిదని దాని భావము. స్ట్రేహార్న్ ఆస్పత్రిలో నుండి వ్రాసిన ‘బ్లడ్ కౌంట్’ అను చివరి రచనయు అందు గలదు. జానీ హాడ్జెస్ దానిని సాక్సోఫోనుపై హృదయము కరగునట్లు వాయించెను.

ఒకనాడు రికార్డింగు ముగిసిన పిదప వాద్యకారులు తమ వాద్యములను సర్దుకొనుచుండిరి. ఎలింగ్టన్ మాత్రము పియానో విడిచి లేవక ‘లోటస్ బ్లాసమ్’, అనగా తామరపూవు, అను మిత్రుని రచనను వాయింపసాగెను. దానిని ఎలింగ్టన్ చేత వినుట స్ట్రేహార్నునకు మిక్కిలి ప్రీతి. సర్దుకొనువారి మాటల సవ్వడి ఆ రికార్డులో మొదట వినబడి, క్రమముగ అణగిపోవును. ఆ సవ్వడితోనే ఆ రచనను ఆల్బము చివర చేర్చిరి.

1968లో వెలువడిన ఈ ఆల్బమునకు మరుసటి యేడు గ్రామీ పురస్కారము లభించెను. ఎలింగ్టన్ 1974 మే 24వ తేదీన మరణించెను. న్యూయార్కులో జరిగిన అతని అంత్యక్రియలకు 12,000 మందికి పైగా వచ్చిరి.

తన కీర్తిలో ఇతరుల పాలు ఎంతయో ఎరిగియుండుట గొప్పవారికి తగిన గుణము. ఎలింగ్టన్ దానిని ఎరిగియుండుటయే గాక, తోడుపడిన మిత్రుని పేరు నిలుచునట్లు తన విద్యతోనే ఆ ఋణము తీర్చుకొనెను.